సెలీనా ‘అమోర్ ప్రొహిబీదో’ ఎల్పీ: అసలు ఒరిజినల్ అంటే ఏది?

పోయినేడాది ఎండాకాలంలో ఒక ఆదివారం టెక్సస్ లోని శాన్ ఆంటోనియో బయట జరిగే సంతకి వెళ్ళాను. ఇక్కడి మెక్సికన్ అమెరికన్లు దాన్ని పుల్గా అంటారు, మన వారం అంగడి లాంటిదే, మామిడికాయ ముక్కల మీద కారం చల్లి నిమ్మకాయ పిండి అమ్ముతుంటారు, పాత బూట్ల నుంచి పాత ట్రాక్టర్ సామాన్ల దాకా అన్నీ దొరుకుతాయి. అక్కడ ఒకాయన దగ్గర పాత రికార్డుల డబ్బా తిరగేస్తుంటే టెక్సస్ గాయని సెలీనా ఆల్బమ్ ‘అమోర్ ప్రొహిబీదో’ ఎల్పీ, అంటే పెద్ద వైనల్ ప్లేటు, చేతికొచ్చింది. ‘1994 ఒరిజినల్, ఫస్ట్ ప్రెస్సింగ్’ అన్నాడాయన, అంటే ఆల్బమ్ వచ్చినప్పుడే మొదటిసారి అచ్చు వేసిన ప్లేటు అని, నేను బేరం కూడా ఆడకుండా 80 డాలర్లు ఇచ్చేసి ఇంటికి తెచ్చుకున్నా. ఆ రాత్రి డాలస్ లో ఉండే ఫ్రెండ్ కి వీడియో కాల్ లో గొప్పగా చూపిస్తే వాడు రెండు నిమిషాలు చూసి, ‘ఒరేయ్, 1994 లో అమెరికాలో ఎల్పీలు ఎవడు కొన్నాడ్రా, అప్పుడంతా సీడీలు కేసెట్లే కదా’ అన్నాడు.

ఆ ఒక్క ప్రశ్నతో మొదలై నేను తెలుసుకున్నదంతా ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే ఈ ఆల్బమ్ విషయంలో వైనల్ కలెక్టర్ల మామూలు లెక్కలేవీ పనిచేయవు. మామూలు లెక్క ఏంటంటే మొదటి ప్రెస్సింగ్ దొరికితే అదే అసలైనది, అదే ఖరీదైనది, మిగతావన్నీ దాని తర్వాతే. బీటిల్స్ కైనా మన ఘంటసాల గారి పాత హెచ్ఎంవీ రికార్డులకైనా ఇదే లెక్క. కానీ ఒక ఆల్బమ్ పుట్టిందే వైనల్ మూలన పడ్డ తర్వాత అయితే, దాని ఎల్పీని జనం ఎందుకు వెతుక్కుని మరీ కొంటున్నారు, దేనికి డబ్బులు ఇస్తున్నారు అనేది కొంచెం విడదీసి చూడాల్సిన సంగతి.

ముందు సెలీనా ఎవరో చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళలో చాలామందికి సెలీనా అంటే సెలీనా గోమెజ్ గుర్తొస్తుంది. ఆ అమ్మాయికి ఆ పేరు పెట్టిందే ఈ సెలీనాని చూసి. ఈవిడ పూర్తి పేరు సెలీనా కింతానీయా, 1971 ఏప్రిల్ 16న టెక్సస్ లోని లేక్ జాక్సన్ లో పుట్టింది. వాళ్ళ నాన్న అబ్రహాం కుర్రతనంలో లాస్ దీనోస్ అనే బ్యాండ్ లో పాడేవాడు, ఆ కల అక్కడే ఆగిపోయింది, తర్వాత పిల్లల్లో సంగీతం కనపడేసరికి అదే పేరుతో ఇంట్లోనే బ్యాండ్ పెట్టించాడు. అన్న ఏబీ బేస్ గిటార్, అక్క సుజెట్ డ్రమ్స్, చిన్నది సెలీనా పాట. ఇంట్లో వాళ్ళు నడిపిన మెక్సికన్ రెస్టారెంట్ 80ల మొదట్లో ఆర్థిక మాంద్యం దెబ్బకి మూతపడి, ఉన్నదంతా పోయి కార్పస్ క్రిస్టీకి మారాల్సొచ్చాక ఇక పాటే జీవనాధారం అయింది, పెళ్ళిళ్ళు, సంతలు, డ్యాన్స్ హాళ్ళు ఎక్కడ పిలిస్తే అక్కడ వాయించారు. ఇంకో విషయం, సెలీనా ఇంట్లో మాట్లాడింది ఇంగ్లీషే, స్పానిష్ పాటలని వాళ్ళ నాన్న ఒక్కో మాటా పలికి నేర్పిస్తే పట్టుకుని పాడింది, భాష మీద పట్టు తర్వాత వచ్చింది. అమెరికాలో పుట్టి తెలుగు పాట అక్షరం అక్షరం నేర్చుకుని స్టేజీ ఎక్కే మన పిల్లలని చూసినవాళ్ళకి ఇది బాగా అర్థమవుతుంది.

ఇక తెహానో అంటే టెక్సస్ లో తరతరాలుగా ఉంటున్న మెక్సికన్ మూలాల వాళ్ళు, వాళ్ళ సంగీతం. ఇది మెక్సికో సంగీతమూ కాదు, అమెరికన్ పాప్ కాదు, రెండిటి మధ్య పుట్టింది. 19వ శతాబ్దంలో టెక్సస్ కి వచ్చి స్థిరపడ్డ జర్మన్లు, చెక్ వాళ్ళు తమతో అకార్డియన్ ని, పోల్కా నాట్యాన్ని తెచ్చారు, పక్క ఊళ్ళలో ఉండే మెక్సికన్ రైతు కూలీలు ఆ పెట్టెని అందుకుని బాహో సెక్స్తో అనే పన్నెండు తీగల గిటార్ తో కలిపి తమ పాట చేసుకున్నారు, దాన్ని కొంహుంతో అంటారు. నార్సీసో మార్తీనెజ్ 1936 లో రికార్డు చేసిన పాటలతో ఆ వాయిద్యాల జంటకి ఒక స్థిరమైన రూపం వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పెద్ద కంపెనీలు వీళ్ళని పట్టించుకోవడం మానేస్తే, 1946 లో ఆలిస్ అనే చిన్న ఊళ్ళో ఐడియల్ రికార్డ్స్ అని వాళ్ళే కంపెనీ పెట్టుకున్నారు. ఈ చిన్న కంపెనీల సంగతి గుర్తు పెట్టుకోండి, వైనల్ కథలో మళ్ళీ వస్తుంది.

80ల నాటికి అకార్డియన్ పక్కన సింథసైజర్లు వచ్చాయి, కొలంబియా నుంచి మెక్సికో మీదుగా వచ్చిన కుంబియా తాళం కలిసింది, లా మాఫియా, మజ్ లాంటి బ్యాండ్లు పెద్దవయ్యాయి. కానీ స్టేజీ అంతా మగవాళ్ళదే. లారా కనాలెస్ లాంటి ఒకరిద్దరు తప్ప ఆడవాళ్ళకి పెద్ద డ్యాన్స్ హాళ్ళలో చోటు తక్కువ, ఆడపిల్ల పాడితే టికెట్లు అమ్ముడుపోవు అని మొహం మీదే చెప్పే రోజులవి. సెలీనా 1987 లో తెహానో మ్యూజిక్ అవార్డుల్లో ఉత్తమ గాయని అయింది, ఆ తర్వాత ఆ అవార్డు ఇంక వేరేవాళ్ళకి పోలేదనే చెప్పాలి. 1989 లో ఈఎంఐ లాటిన్ కంపెనీ తరఫున హోసే బెహార్ ఆవిడని సైన్ చేయించుకున్నాడు. 1990 లో ‘వెన్ కొన్మీగో’, 1992 లో ‘ఎంత్రే ఆ మీ ముందో’, 1993 లో కార్పస్ క్రిస్టీలో రికార్డు చేసిన లైవ్ ఆల్బమ్ వచ్చాయి, ఆ లైవ్ ఆల్బమ్ కే 1994 లో గ్రామీ వచ్చింది. అదే సంవత్సరం మార్చిలో ‘అమోర్ ప్రొహిబీదో’ వచ్చింది, అంటే నిషిద్ధ ప్రేమ.

ఆల్బమ్ లో పది పాటలు, మొత్తం కలిపి 35 నిమిషాల చుట్టుపక్కల. ఇంత చిన్న ఆల్బమ్ లో ఇన్ని రకాల పాటలు ఎలా పట్టాయో ఇప్పటికీ ఆశ్చర్యమే నాకు. టైటిల్ పాట ఏబీ, పీట్ ఆస్తుదీయో, సెలీనా చేతుల మీదుగా వచ్చింది, డబ్బున్న ఇంటికీ లేని ఇంటికీ మధ్య ప్రేమ కథ, తమ పూర్వీకుల ప్రేమ ఉత్తరాల్లోంచి ఆ ఆలోచన వచ్చిందని కుటుంబం చెప్పుకుంటుంది. ‘నో మే కేదా మాస్’ పాట కీబోర్డ్ వాయించే రికీ వేలా రాశాడు, తను మనసులో పెట్టుకున్న అమ్మాయికి వేరే చోట పెళ్ళి అయితే ఆ బాధలోంచి రాసిన పాట అది, రాంచేరా అనే మెక్సికన్ పల్లె పాటల పద్ధతిలో ఉంటుంది. అందులో సెలీనా గొంతు ఎక్కడా అరవదు, కోపం ఉండదు, నీకు మంచి జరగాలి అని చెప్పి పక్కకి తప్పుకుంటుంది, 23 ఏళ్ళు కూడా నిండని పిల్ల ఆ ఓర్పుని గొంతులోకి ఎలా తెచ్చిందో నాకు తెలీదు కానీ నేను ఆ పాటని పనిచేసుకుంటూ వినలేను, కూర్చుని వినాల్సిందే.

‘ఫోతోస్ ఈ రెకుయెర్దోస్’ అయితే ప్రిటెండర్స్ అనే రాక్ బ్యాండ్ పాటకి స్పానిష్ మాటలు కట్టి కుంబియాలోకి దింపింది. ‘బిడి బిడి బోమ్ బోమ్’ ది ఇంకో కథ, మొదట అది స్టేజీ మీద సరదాగా చేపల గురించి పాడుకున్న పాట, అప్పటికప్పుడు అల్లుకుంటూ పాడుతుంటే జనం ఊగిపోవడం చూసి, తర్వాత కూర్చుని ప్రేమ పాటగా మార్చారు, గుండె కొట్టుకునే చప్పుడే పల్లవి అయింది. ‘టెక్నో కుంబియా’ లో రాప్, డ్యాన్స్‌హాల్ బీటు, కుంబియా మూడూ ఒకే గిన్నెలో కలిపారు, ఇప్పుడు లాటిన్ పాప్ లో మామూలైపోయిన పని 1994 లోనే కార్పస్ క్రిస్టీ కుర్రాళ్ళు చేసేశారు. ‘సీ ఉనా వెస్’ లో మరియాచి అనే మెక్సికన్ మేళం పోకడలు, చివరి పాట ‘యా నో’ లో రాక్ గిటార్. ఆల్బమ్ బిల్‌బోర్డ్ లాటిన్ చార్టులో మొదటి స్థానానికి వెళ్ళినప్పుడు పక్కకి జరిగింది గ్లోరియా ఎస్తెఫాన్ ఆల్బమ్, అది కూడా చిన్న విషయం కాదు. ఇందులోంచి నాలుగు పాటలు లాటిన్ పాటల పట్టికలో నంబర్ వన్ అయ్యాయి, నాలుగోది అయ్యేటప్పటికి పాడిన మనిషి లేదు.

1995 ఫిబ్రవరి 26న హ్యూస్టన్ ఆస్ట్రోడోమ్ లో 60,000 మందికి పైగా జనం ముందు ఊదా రంగు డ్రెస్ లో పాడింది. సరిగ్గా 33 రోజుల తర్వాత, మార్చి 31న, కార్పస్ క్రిస్టీలో ఒక మోటెల్ దగ్గర తన ఫ్యాన్ క్లబ్ ని, బట్టల షాపులని చూసుకున్న యోలాందా సాల్దీవార్ చేతిలో తుపాకీ కాల్పులకి చనిపోయింది. 24వ పుట్టినరోజుకి ఇంకా రెండు వారాలు ఉంది. ఆ సంవత్సరం జులైలో విడుదలైన ‘డ్రీమింగ్ ఆఫ్ యూ’ అమెరికా మొత్తం ఆల్బమ్ ల పట్టికలో నేరుగా మొదటి స్థానంలోకి వచ్చింది, స్పానిష్ పాటలు ఎక్కువగా ఉన్న ఆల్బమ్ కి అలా జరగడం అదే మొదటిసారి.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. 1994 లో అమెరికాలో వైనల్ పరిస్థితి ఏంటంటే పెద్ద కంపెనీలు 80ల చివర నుంచే ఎల్పీలు తగ్గించేశాయి, డీజేల కోసం 12 అంగుళాల సింగిల్స్ తప్ప షాపుల్లో రాకులన్నీ సీడీలవే. తెహానో వినేవాళ్ళ విషయానికొస్తే ఇంకా ముందుకెళ్ళి కేసెట్ అనే చెప్పాలి, ఎందుకంటే పొలాల్లో, కట్టడాల్లో పనిచేసేవాళ్ళు పాత ట్రక్కుల్లో వినేది కేసెట్టే, సంతలో చవగ్గా దొరికేది కేసెట్టే. మన దగ్గర కూడా అంతే కదా, 90ల్లో పెళ్ళి మైకుసెట్టు నుంచి ఆర్డినరీ బస్సు దాకా అంతా కేసెట్టే, ఆ టైమ్ లో వచ్చిన తెలుగు సినిమాల పాటలకి ఎల్పీ అడిగితే ఎవరైనా వింతగా చూసేవాళ్ళు. కాబట్టి ‘అమోర్ ప్రొహిబీదో’ అమెరికా జనం ఇళ్ళల్లోకి వచ్చింది కేసెట్ గా, సీడీగా. మొదటి ప్రెస్సింగ్ అనే మాటని నిజాయితీగా వాడాలంటే ఆ కేసెట్టే ఫస్ట్ ప్రెస్సింగ్. లాటిన్ అమెరికాలో కొన్ని దేశాల్లో వైనల్ ఇంకొన్నాళ్ళు నడిచిన మాట నిజమే, అక్కడి ముద్రణలని వేరేగా చూడాలి, కానీ టెక్సస్ సంతలో మెరిసే కొత్త జాకెట్ తో ‘1994 ఒరిజినల్’ అని ఎవరైనా ఇస్తే మాత్రం ఆగి చూడాలి.

నేను మోసపోయిన చోటు ఎక్కడో చెప్తా, ఇది చాలామందికి పనికొస్తుంది. జాకెట్ వెనక కింద సన్న అక్షరాల్లో రెండు గుర్తులు ఉంటాయి, వలయంలో పీ అక్షరం ఒకటి, వలయంలో సీ అక్షరం ఒకటి. పీ పక్కన ఉండేది ఆ రికార్డింగ్ మీద హక్కు మొదలైన సంవత్సరం, సీ పక్కన ఉండేది బొమ్మ, డిజైన్, రాతల మీద హక్కు. ఈ రెండిట్లో ఏదీ ఆ ప్లేటుని ఏ సంవత్సరంలో అచ్చు వేశారో చెప్పదు. నిన్న ఫ్యాక్టరీలోంచి వచ్చిన ప్లేటు మీద కూడా పీ పక్కన 1994 అనే ఉండొచ్చు, ఎందుకంటే ఆ రికార్డింగ్ మొదట విడుదలైంది అప్పుడే. నేను ఆ 1994 చూసి నమ్మేశా.

మరి దేన్ని చూడాలి అంటే కంపెనీ పేరు చూడాలి, ఇది చాలా సులువైన పద్ధతి. 1994 లో ఆ ఆల్బమ్ ఈఎంఐ లాటిన్ ది. 2012 లో యూనివర్సల్ మ్యూజిక్ ఈఎంఐ రికార్డింగుల వ్యాపారాన్ని కొనేసింది, దాంతో ఈ పాటలన్నీ అటు వెళ్ళిపోయాయి, కాబట్టి జాకెట్ మీద ఎక్కడైనా యూనివర్సల్ పేరు కనపడితే అది 2012 తర్వాతి ముద్రణే. వెబ్‌సైట్ అడ్రస్ ఉన్నా అంతే, 1994 మార్చిలో ఏ కంపెనీ జాకెట్ల మీద అవి అచ్చు వేసేది. ఆ తర్వాత ప్లేటు మీద పాటల గాళ్ళు, అంటే సూది నడిచే సన్నటి గీతలు, అయిపోయాక లేబుల్ కి ముందు ఖాళీ నల్లటి పట్టీ ఉంటుంది కదా, దాన్ని లైటు కింద వాలుగా పట్టుకుని చూస్తే సన్నగా గీసిన నంబర్లు కనపడతాయి, మ్యాట్రిక్స్ నంబర్ అంటారు. దాన్ని రికార్డుల వివరాలు దొరికే డిస్కాగ్స్ వెబ్‌సైట్ లో వెతికితే ఏ దేశంలో ఏ ముద్రణో దాదాపు తేలిపోతుంది. నా ప్లేటు అలాగే తేలింది, రీఇష్యూ, అంటే తర్వాతెప్పుడో మళ్ళీ అచ్చు వేసింది. అప్పటికి కొత్తదైతే షాపులో దానికి 30 డాలర్ల చుట్టుపక్కల ఉండేది.

అయితే సెలీనా పేరు మీద నిజంగా పాత వైనల్ లేదా అంటే ఉంది, కాకపోతే ఈ ఆల్బమ్ కాదు. పైన చిన్న కంపెనీల గురించి గుర్తు పెట్టుకోమన్నా కదా, అక్కడ ఉంది. 1984 లో కార్పస్ క్రిస్టీలోని ఫ్రెడ్డీ రికార్డ్స్ ‘మీస్ ప్రిమేరాస్ గ్రాబాసియోనెస్’ అని ఎల్పీ వేసింది, అప్పటికి సెలీనాకి పదమూడేళ్ళు. అక్కడి నుంచి 1988 దాకా వేరే ప్రాంతీయ కంపెనీల్లో వరసగా ఎల్పీలు వచ్చాయి, ‘ఆల్ఫా’, ‘మునెకీతో దే త్రాపో’, ‘ప్రెసియోసా’, ‘దుల్సే అమోర్’ అలాంటివి. ఇవి వైనల్ కాలంలో వైనల్ కోసమే పుట్టినవి. ప్రాంతీయ కంపెనీల ముద్రణ అంటే పెద్ద కంపెనీల లెక్కలో చాలా తక్కువ, అమ్మింది దక్షిణ టెక్సస్ లోనే, డ్యాన్స్ హాల్ బయట బల్ల వేసుకుని కూడా అమ్మేవాళ్ళు. కొన్నవాళ్ళు అద్దాల బీరువాలో దాచుకునే రకం కాదు, పార్టీల్లో బీర్ గ్లాసుల పక్కన పెట్టి అరిగిపోయేదాకా తిప్పారు. పైగా ఆ సముద్రతీరం తేమ, ఎండ, అవి జాకెట్ అట్టకీ శత్రువే, ప్లేటుకీ శత్రువే. అందుకే శుభ్రమైన కాపీ ఎప్పుడో గానీ బయటికి రాదు, వస్తే వందల డాలర్లు పలుకుతుంది. నా దృష్టిలో సెలీనా వైనల్ కలెక్షన్ అనే మాటకి గట్టి పునాది ఇక్కడే ఉంది, కానీ విచిత్రం ఏంటంటే ఎక్కువమంది ముందుగా అడిగేది మాత్రం ‘అమోర్ ప్రొహిబీదో’ నే.

ఎందుకు అడుగుతారు? సౌండ్ కోసమా? ఈ మాట కొంచెం జాగ్రత్తగా చూడాలి. వైనల్ వెచ్చగా వినపడుతుంది అనే మాటకి మూలం ఏంటంటే 60, 70ల రికార్డులు అయస్కాంత టేపు మీద రికార్డై, అక్కడి నుంచి నేరుగా లాకర్ ప్లేటు మీదికి చెక్కబడ్డాయి, మధ్యలో డిజిటల్ లేదు. 90ల మొదటికల్లా చాలా స్టూడియోల్లోకి డిజిటల్ రికార్డర్లు వచ్చేశాయి, ఈ కాలంలో రీఇష్యూలు చెక్కేది ఎక్కువగా డిజిటల్ ఫైలు నుంచే. అందులో తప్పేం లేదు, బాగా చెక్కితే బాగానే ఉంటుంది, కానీ 1994 పాప్ ఆల్బమ్ ఎల్పీ కొని ఇదే అసలు స్టూడియో సౌండ్ అనుకోవడం మాత్రం కరెక్ట్ కాదు, అప్పుడు జనం విన్నదీ వాయించినవాళ్ళు ఊహించిందీ సీడీ, కేసెట్ సౌండే.

కానీ ఇక్కడ ఈ ఆల్బమ్ కి అనుకోకుండా కలిసొచ్చిన విషయం ఒకటుంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. 33 స్పీడు ఎల్పీలో ఒక్కో వైపుకి ఇరవై నిమిషాల లోపు ఉంటే గాళ్ళు విశాలంగా, లోతుగా చెక్కొచ్చు, నిమిషాలు పెరిగేకొద్దీ గాళ్ళు ఇరుకై బేస్ తగ్గించాలి, మొత్తం వాల్యూమ్ తగ్గించాలి. 90ల సీడీ ఆల్బమ్ లు కొన్ని గంట, గంటా పది నిమిషాలు కూడా ఉండేవి, అందుకే అలాంటివాటిని వైనల్ మీద వేయాలంటే రెండు ప్లేట్లు చేయాలి లేదా కుక్కాలి. ఇదేమో 35 నిమిషాలు, పది పాటలు, సగానికి విరిస్తే ఒక్కో వైపు ఐదు. కుంబియాకి ప్రాణం బేస్ లైనే, ఏబీ వాయించే ఆ బేస్ గుండ్రంగా, నిదానంగా అడుగులేస్తుంది, దానికి కావాల్సిన చోటు ఇక్కడ దొరుకుతుంది. ఇంకోటి, ప్లేటు మధ్యకి వచ్చేకొద్దీ స, చ లాంటి శబ్దాలు గరగరలాడతాయి, స్పానిష్ లో మాట మాటకీ చివర స పలుకుతుంది, కాబట్టి పాట ప్లేటు మధ్యలోకి మరీ వెళ్ళకుండా ముందే అయిపోవడం ఈ గొంతుకి మేలే చేసింది.

అలా విరిస్తే రెండో వైపు మొదటి పాట ‘బిడి బిడి బోమ్ బోమ్’. కేసెట్ తిప్పి పెట్టినా అంతే కదా. మొదటి వైపు ప్రేమ, విరహం, నవ్వు అన్నీ అయిపోయి చిన్న విరామం, ప్లేటు తిప్పి సూది పెట్టగానే ఆ గిటార్ మొదలవుతుంది. సీడీలో, ఫోన్ లో అది ఆరో పాట మాత్రమే. ప్లేటు మీద అది కొత్త ఆరంభం.

అయినా ఇదంతా తెలిసి కొనేవాళ్ళు తక్కువే. అసలు కారణం నాకు అర్థమైంది మా పక్కింటావిడ వల్ల. ఆవిడకి యాభై దాటి ఉంటాయి, రియో గ్రాండే వ్యాలీ నుంచి వచ్చిన కుటుంబం, నేను మోసపోయిన కథ చెప్తే కాసేపు విని, తన దగ్గర అసలు ఒరిజినల్ ఉంది చూపిస్తానని లోపలికెళ్ళి ఒక కేసెట్ తెచ్చింది. పెట్టె పగిలిపోయింది, లోపలి కాయితం మడతల దగ్గర చిరిగితే సెల్లోటేపు వేసి ఉంది, టేపు ఒకసారి చిక్కుపడి పెన్సిల్ తో చుట్టారంట, ‘నో మే కేదా మాస్’ మధ్యలో ఒక చోట గొంతు జారుతుంది. అది ఇప్పుడు వినడానికి పనికిరాదు. ఆవిడ ఇంట్లో హాల్లో గోడకి కొత్త ఎల్పీ, విప్పనిది, ఫ్రేమ్ కట్టించి పెట్టుంది, కింద చిన్న బల్ల మీద వాళ్ళ అమ్మ ఫొటో. వాళ్ళ అమ్మగారు వంట చేస్తూ పాడుకునేది ఆ పాటలే అంట.

కేసెట్ కవరు అరచేతిలో పట్టేంత, సీడీ కవరు కాస్త పెద్దది, ఎల్పీ జాకెట్ పన్నెండు అంగుళాలు, మనిషి మొహం దాదాపు మనిషి మొహమంత కనపడుతుంది. అర్ధాంతరంగా పోయిన మనిషిని ఇంట్లో పెట్టుకోవాలంటే ఆ సైజు కావాలి. 1994 లో కేసెట్ కొన్న పిల్లలు ఇప్పుడు నలభైల్లో యాభైల్లో ఉన్నారు, చేతిలో నాలుగు డబ్బులున్నాయి, అప్పుడు పెద్దది కొనుక్కోలేకపోయారు, అసలు అప్పుడు పెద్దది షాపుల్లో లేదు కూడా. వాళ్ళ పిల్లలేమో వైనల్ మళ్ళీ ఫ్యాషన్ అయిన రోజుల్లో పెరిగారు, 2022 లో అమెరికాలో వైనల్ ఆల్బమ్ లు 4 కోట్ల 10 లక్షల దాకా అమ్ముడైతే సీడీలు 3 కోట్ల 30 లక్షల దగ్గర ఆగాయి, 1987 తర్వాత లెక్క అలా తిరగబడటం అదే మొదటిసారి. అమ్మకి జ్ఞాపకం, కూతురికి కొత్త ప్లేయర్ మీద మొదటి ప్లేటు, రెండూ ఒకే వస్తువులో కలిశాయి. ఇక్కడి హెచ్ఈబీ కిరాణా షాపులు 2018 లో సెలీనా బొమ్మతో సంచులు పెడితే జనం పొద్దున్నే క్యూ కట్టి చూస్తుండగానే అయిపోయాయి, ఒక కూరగాయల సంచికే అలా ఉంటే ఎల్పీ సంగతి చెప్పక్కర్లేదు.

కంపెనీలకి ఇది బాగా తెలుసు, అందుకే వార్షికోత్సవం వచ్చిందంటే రంగు వైనల్, పిక్చర్ డిస్క్ అని రకరకాలుగా వస్తుంటాయి. పిక్చర్ డిస్క్ విషయంలో ఒక్క మాట, దాని నిర్మాణమే వేరు, మధ్యలో బొమ్మ కాయితం పెట్టి పైన పలచటి ప్లాస్టిక్ పొర మీద గాళ్ళు అచ్చు వేస్తారు, అందుకే మామూలు నల్ల ప్లేటు కంటే సర్రుమనే చప్పుడు ఎక్కువ ఉంటుంది. గోడకి పెట్టుకోవడానికైతే అంతకంటే అందమైనది లేదు, వినడానికైతే మామూలు ముద్రణ తీసుకోండి. పరిమిత ముద్రణ అని ఉన్నదల్లా రేపు ధర పెరుగుతుందని కొనడం కూడా నాకు నచ్చదు, ఈ ఆల్బమ్ ని కంపెనీ మళ్ళీ మళ్ళీ వేస్తూనే ఉంటుంది, ఎందుకంటే ఇది 20 లక్షల యూనిట్లు దాటిన ఆల్బమ్, అడిగేవాళ్ళు తగ్గడం లేదు. నిజంగా అరుదైనది కావాలంటే 80ల ప్రాంతీయ ఎల్పీల వెంట పడండి, అప్పుడు కూడా ఫొటో చూసి కాకుండా ప్లేటు కండిషన్ అడిగి, వీజీ ప్లస్ (కొంచెం వాడినా బాగానే ఉన్నది) అన్నాడా నియర్ మింట్ (దాదాపు కొత్తది) అన్నాడా చూసి, మ్యాట్రిక్స్ నంబర్ ఫొటో పంపమని అడిగి కొనండి. లేదా నా మాట వింటే 1994 కేసెట్ ఒకటి వెతకండి, ఈ ఆల్బమ్ కి అసలు పుట్టుమచ్చ అదే.

సంతలో ఆయన్ని వెతుక్కుంటూ మళ్ళీ వెళ్ళలేదు నేను. ఆయనకి కూడా ఆ పీ గుర్తు సంగతి తెలిసి ఉండకపోవచ్చు. ప్లేటు మాత్రం మా ఇంట్లోనే ఉంది, శనివారం సాయంత్రాలు పెడతా. పక్కింటావిడకి ప్లేయర్ లేదు, గోడ మీదున్నది ఎలాగూ విప్పదు, అందుకని రెండో వైపు మొదలయ్యే టైమ్ కి వాకిలి తలుపు తీసి పెడుతున్నా. వాళ్ళ పెరట్లో నీళ్ళ పైపు ఆగిందంటే ఆవిడ వింటున్నట్టు.